సంఘం డబ్బు నాన్న ఖాతాలో ఉంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. రెండేళ్ల కిందట పెళ్ళయి బెంగళూరు వచ్చాను. కె.ఆర్. పురంలో ఉంటున్నాం. ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా ఊళ్ళో 46 మంది టమాటా, వేరుశనగ రైతులు కలిసి పెట్టుకున్న సంఘం ఉంది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైంది. తలా వెయ్యి రూపాయల వాటా, నెలకు రెండొందల పొదుపు. నారు, మల్చింగ్ షీటు, మందులు కలిసి కొంటారు, లారీ కలిసి మాట్లాడుకుంటారు. మా నాయన మొదటి నుంచీ కార్యదర్శి. ఖాతా ఆయన, అధ్యక్షుడు ఇద్దరి సంతకాలతో ఉండేది. మూడేళ్ల కిందట అధ్యక్షుడు పోవడంతో ఆ ఖాతా ఆగిపోయింది. అప్పటి నుంచి డబ్బంతా నాయన సొంత సేవింగ్స్ ఖాతాలో, ఆయన ఫోన్‌పేలో నడుస్తోంది. నేను ఎక్సెల్‌లో లెక్క రాస్తున్నాను. మా అపార్ట్‌మెంట్ వాళ్ళు సంఘం కూరగాయలు కొంటే డబ్బు నాకు వేస్తారు, నేను నాయనకు పంపుతాను. ఈ సాగుకు నాలుగు లక్షలు కావాలి. బ్యాంకు వాళ్ళు ఇప్పటికి నాలుగుసార్లు తిప్పారు. సంఘాన్ని కంపెనీగా మారిస్తే 15 లక్షల గ్రాంటు వస్తుందని, ఫీజు 60 వేలని ఒకాయన తిరుగుతున్నాడు. నాయన నన్ను మూడు లక్షలు సర్దమంటున్నారు. ఈలోగా 'సంఘం డబ్బు కార్యదర్శి తిన్నాడు' అని ఊళ్ళో మాట లేచింది. నాయన సరిగా అన్నం తినడం లేదు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇంకో సంగతి, నా పెళ్ళప్పుడు సంఘం డబ్బు కొంత వాడుకుని తర్వాత కట్టేశారని అమ్మ అంటోంది.

పేరు వద్దు, బెంగళూరు

సమాధానం:

అమ్మా, చివర 'ఇంకో సంగతి' అని ఒక్క ముక్క రాసి వదిలేశారే, ఆ పెళ్ళి డబ్బు సంగతి, ఈ చిక్కుముడి కొస అక్కడే ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. అది విప్పాలంటే ముందు కొన్ని పనులు జరగాలి.

మీ నాన్నగారు నిజాయితీ గలవారేనని నేను అనుకుంటున్నాను. సంఘం డబ్బు తిన్నవాడు ఇంట్లో అన్నం మానడు. కానీ ఆయన ఎంత మంచివారైనా, ఆయన పేరున ఉన్న ఖాతాలోని డబ్బు కాగితం మీద ఆయనదే. రేపు ఆయనకు ఏదైనా అయితే (అనకూడని మాటే గానీ అధ్యక్షుడి విషయంలో జరగనే జరిగింది) అది నామినీ చేతికి వెళ్తుంది. ఆ నామినీ మీ అమ్మగారో మీరో అయ్యుంటారు. 46 మంది మీ గడప ముందు నిలబడి 'ఇందులో మాది ఇంత' అంటే చూపించడానికి మీ దగ్గర ఉన్నది మీరే తయారు చేసిన ఎక్సెల్ షీటు. అదే బ్రాంచీలో ఆయన పంట రుణమో బంగారం లోనో గడువు దాటి ఉందనుకోండి, ఖాతాలో ఉన్నదాన్ని ఆ బాకీ కింద బ్యాంకు మళ్ళించుకోవచ్చు. అందులో సంఘం డబ్బు ఉందని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

ఇంకొకటి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక మనిషి సేవింగ్స్ ఖాతాల్లో నగదు జమలు 10 లక్షలకు చేరితే ఆ వివరం బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకు పంపి తీరాలి. పొదుపు, మందుల డబ్బు, లారీ బాడుగ, మండీ పట్టీల మీద వచ్చిన నోట్లు అన్నీ ఒకే ఖాతాలో కడుతుంటే ఆ అంకె చేరడానికి ఒక మంచి సీజన్ చాలు. 2023 జూలైలో కోలారు మార్కెట్లో 15 కిలోల టమాటా బాక్సు రెండు వేలు దాటింది, మీకు గుర్తుండే ఉంటుంది. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదన్నది నిజమే. కానీ నోటీసు వస్తే, ఇది 46 మంది డబ్బని రుజువు చేసుకోవాల్సింది ఆయన ఒక్కరే.

మీరు చేస్తున్నదీ అదే పని. అకౌంట్స్ చూసే మనిషి! మీ ఆఫీసులో క్యాషియరు కంపెనీ డబ్బు తన ఫోన్‌పేలో వేయించుకుని సాయంత్రం పంపిస్తానంటే ఊరుకుంటారా? రేపటి నుంచే ఆపేయమని చెప్పను, కూరగాయలు కుళ్ళిపోతాయి. సంఘం ఖాతా తెరుచుకున్న రోజున మాత్రం ఆ ఖాతాకు క్యూఆర్ కోడ్ తీసుకుని మీ అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన అంటించండి. కె.ఆర్. పురంలో కట్టిన నలభై రూపాయలు సరాసరి సంఘం ఖాతాలో పడాలి, మధ్యలో మీ పేరు ఉండకూడదు. దీనివల్ల ఇంకో లాభం ఉంది. మేనేజరు ఆ ఖాతా తెరిచి చూస్తే వారం వారం చిన్న చిన్న జమలు వరసగా కనిపిస్తాయి. లోన్ ఇచ్చేవాడికి అంతకంటే కావాల్సిన కాగితం లేదు.

ఇక ఆగిపోయిన ఖాతా. ఖాతాదారు వైపు నుంచి రెండేళ్లు లావాదేవీ లేకపోతే బ్యాంకు దాన్ని ఇనాపరేటివ్ అంటుంది. అంటే తాళం పడింది, అంతే. అందులో మిగిలిన డబ్బు ఎక్కడికీ పోలేదు. తాళం తీయడానికి బ్యాంకు రుసుము అడగకూడదు. ఖాతా ఇనాపరేటివ్ అయ్యాక కనీస నిల్వ లేదని జరిమానా కూడా వేయకూడదు. రెండూ రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాలే, కౌంటర్లో ఎవరైనా వేరేగా చెబితే మెల్లగా గుర్తు చేయండి. మీది గ్రామీణ బ్యాంకు ఖాతా అయితే పాస్‌బుక్ మీద పాత పేరు ఉండొచ్చు. 2025 మే 1న రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి కాబట్టి ఇప్పటి ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ అడిగి రాసుకోండి.

తీసుకెళ్ళాల్సినవి: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలా నకలు, అధ్యక్షుడి మరణ ధ్రువపత్రం, కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకున్న తీర్మానం, ఖాతా ఎవరు నడపాలో చెప్పే తీర్మానం, సంతకాలు పెట్టేవాళ్ల ఆధార్, పాన్, ఫొటోలు. వీటితోపాటు సంఘం పేరున పాన్ కార్డు. నాన్నగారి పాన్ కాదు, సంఘానిది. నేను చూసిన చిన్న సంఘాల్లో సగం చోట్ల లేనిది ఇదే.

వీటిలో కష్టమైనది తీర్మానం. మూడేళ్లుగా అధ్యక్షుడే లేడంటే మహాసభ కూడా జరగలేదన్నమాట. ఆడిట్ మాట మీరు రాయలేదు కాబట్టి అదీ జరగలేదనే అనుకుంటున్నాను. మీ సంఘం ఉన్న చట్టం కింద ప్రభుత్వం వాటా ధనం పెట్టదు, పెత్తనమూ చేయదు. ఏటా మహాసభ పెట్టుకోవడం, ఆడిట్ చేయించుకోవడం, రిజిస్ట్రారుకు లెక్కలు పంపడం మాత్రం సంఘం పనే. పాత బకాయిలన్నీ ఒక్కసారే తీర్చుకోవాలి. సహకార సంఘాల ఆడిట్ తెలిసిన చార్టర్డ్ అకౌంటెంట్‌ను మదనపల్లెలోనే పట్టుకోండి. బెంగళూరులో మీకు తెలిసినవారు వద్దు. కూతురు తెచ్చిన ఆడిటర్ అంటే ఊళ్ళో ఇంకో మాట లేస్తుంది.

సంతకాలకు ముగ్గురి పేర్లు పెట్టండి, వాళ్ళలో ఎవరైనా ఇద్దరు కలిసి సంతకం చేస్తే చెల్లేలా. ముగ్గురిలో ఏ ఇద్దరూ చుట్టాలు కాకూడదు. మహిళా సభ్యులు ఉంటే ఒకరు వాళ్ళలోంచి ఉండాలి. బ్యాంకు మెసేజీలు వచ్చే నంబరు సంఘం పేరున తీసుకున్న సిమ్ అయి ఉండాలి. ఆ చిన్న ఫోను సంతకాలు పెట్టని కోశాధికారి దగ్గర ఉండనివ్వండి. ఇద్దరు కలిసి నడిపే ఖాతా నుంచి ఫోన్‌పేతో డబ్బు పంపడం సాధారణంగా కుదరదు. చెక్కు రాయాలి, లేదా బ్యాంకుకు వెళ్ళి ట్రాన్స్‌ఫర్ ఫారం ఇవ్వాలి. మందుల షాపు వాడికి డబ్బు ఒక రోజు ఆలస్యంగా అందుతుంది, మీ నాన్నగారు చిరాకు పడతారు. పడనివ్వండి. ఆ ఒక్క రోజు ఆలస్యమే ఆయనకు కాపలా.

నాలుగుసార్లు తిప్పారన్నారు. ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. నేను బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై రామ్మూర్తినగర్‌లో స్థిరపడ్డాను గానీ, ఉద్యోగంలో సగం కాలం రాయలసీమ పల్లె బ్రాంచీల్లోనే గడిచింది. ఒకచోట వేరుశనగ రైతుల సంఘం ఒకటి లక్షా ఇరవై వేల కోసం వచ్చింది. పుస్తకాలు బాగున్నాయి. నేను వచ్చే వారం రమ్మన్నాను, మళ్ళీ వచ్చే వారం అన్నాను, పైనుంచి అనుమతి రావాలన్నాను. అసలు సంగతేమిటంటే సొసైటీకి లోన్ ఏ పద్దు కింద ఇవ్వాలో, ఏ పత్రాలు రాయించుకోవాలో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ. పైగా మార్చి నెల. ఆ ఒక్క ఫైలు చేసే టైములో పాతిక బంగారం లోన్లు ఇవ్వొచ్చు. ఈలోగా నాకు బదిలీ అయింది. వాళ్ళు మండీలో అప్పు చేశారని, ఆ ఏడు కాయంతా ఆ మండీ చెప్పిన ధరకే పోసుకున్నారని తర్వాత విన్నాను.

అందుకే చెబుతున్నాను, 'రేపు రండి' అంటే ప్రతిసారీ లంచం కోసమో పొగరుతోనో అనుకోకండి. ఆ కుర్చీలో మనిషి మూడేళ్లకొకసారి మారతాడు, మీ సంఘం కథ ప్రతి కొత్త మనిషికీ మొదటి నుంచి చెప్పాలి. కాబట్టి కథ నోటితో కాకుండా ఫైలుతో చెప్పండి. మేనేజరు కంటే ముందు బ్రాంచీకి వచ్చే ఫీల్డ్ ఆఫీసరును కలవండి, వ్యవసాయ లోన్ల భాష ఆయనకు తెలుస్తుంది. ప్రతి దరఖాస్తుకూ రెండు కాపీలు తీసుకెళ్ళి, రెండోదాని మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర పడిన కాగితానికి జవాబు ఇవ్వాల్సి వస్తుంది. అక్కడా కదలకపోతే జిల్లాలోని బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజరు అని ఒకరుంటారు, ఆయనకు రాయండి. బ్యాంకులు తమ రుణాల్లో 18 శాతం వ్యవసాయానికి, అందులో 10 శాతం సన్న, చిన్నకారు రైతులకు ఇవ్వాలన్న లక్ష్యం ఉంది కాబట్టి ఆయన చెవిన పడితే ఊరికే పోదు. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చా అంటే, ఖాతా తెరవకుండా సాగదీస్తే వెళ్ళొచ్చు. ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు ఆగాలి. ఖర్చేమీ ఉండదు. లోన్ ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం బ్యాంకు ఇష్టం, దాని మీద అక్కడ ఫిర్యాదు చెల్లదు.

ఇప్పుడు అసలైన లెక్క. మీరు అకౌంట్స్ మనిషి అయ్యుండి ఉత్తరంలో వేయని లెక్క. 46 మంది, నెలకు రెండొందలు. ఏడాదికి 1,10,400 రూపాయలు. మూడేళ్లకు 3,31,200. వాటా ధనం ఇంకో 46 వేలు. మొత్తం మూడు లక్షల డెబ్భై ఏడు వేలు, అదీ వడ్డీ లేకుండా, అంతకు ముందు ఏళ్ల పొదుపు కలపకుండా. మీకు కావాల్సింది నాలుగు లక్షలు. అంటే సంఘానికి కావాల్సిన డబ్బు దాదాపుగా సంఘం దగ్గరే ఉండాలి. అదెక్కడుంది?

ఊళ్ళో లేచిన మాట ఈ లెక్కలోంచే పుట్టింది. ఆ రైతులు మీ ఎక్సెల్ తెరిచి చూడకపోవచ్చు గానీ రెండొందలను నలభై ఆరుతో గుణించడం వాళ్ళకు నోటిలెక్క. బ్యాంకు మేనేజరూ మొదటి నిమిషంలో వేసేది అదే. 'మీ పొదుపు ఇంతుండాలి, మరి లోన్ దేనికి?' అని అడిగితే మీ నాన్నగారి దగ్గర జవాబు ఉందా? నా ఊహ ఏమిటంటే, ఆ డబ్బు సభ్యుల చేతుల్లోనే అప్పులుగా ఉంది. ఒకరికి బోరు మోటారుకు, ఒకరికి ఆసుపత్రికి, ఇంకొకరికి పిల్లవాడి ఫీజుకు. అడిగిన ప్రతివాడికీ మీ నాన్నగారు కాదనలేక ఇచ్చి ఉంటారు, సగం రాసి ఉంటారు, సగం గుర్తుపెట్టుకుని ఉంటారు. నా అనుభవంలో సంఘంలో అందరికంటే గట్టిగా అరిచేవాడి పేరు బాకీల జాబితాలో తరచూ పైవరసలోనే కనిపిస్తుంది. ఈ మాట మాత్రం ఊళ్ళో అనకండి, జాబితాయే చెబుతుంది.

ఆ జాబితా కోసం చిట్టా (రోజువారీ జమాఖర్చు పుస్తకం), ఆవర్జా (ఒక్కొక్కరి లెక్క విడిగా ఉండే పుస్తకం) కావాలి. మీ ఎక్సెల్‌ను తీసిపారేయడం లేదు. కానీ అది మీ ల్యాప్‌టాప్‌లో, హొస్కోట, చింతామణి దాటి ఇవతల ఉంది. ఊళ్ళో ఒక పొడుగు పుస్తకం ఉండాలి. ఏ రోజు జమ, ఏ రోజు ఖర్చు, సాయంత్రానికి నిల్వ. ఇంకో పుస్తకంలో ఒక్కో సభ్యుడికి ఒక్కో పేజీ. ప్రతి సభ్యుడి చేతిలో చిన్న పాస్‌బుక్, డబ్బు కట్టినప్పుడల్లా అందులో రాసి సంతకం. పెట్టెలో నగదు రెండు మూడు వేలకు మించనివ్వకండి, మిగతాది మర్నాడే బ్యాంకుకు. నెలకొక రోజు గుడి దగ్గరో స్కూలు దగ్గరో కూర్చుని ఆ నెల జమాఖర్చు పైకి చదవాలి. అంటించడం కాదు, చదవడం. అంటించిన కాగితాన్ని ఎవరూ చూడరు. చదువుతుంటే 'ఆగు, ఆ లారీ బాడుగ అంత కాదే' అని వెనక నుంచి ఎవరో ఒకరు అంటారు. అలా అనిపించుకున్న సంఘమే నాలుగు కాలాలు బతుకుతుంది.

ఇది ఎవరు రాయాలి? మీ అమ్మగారు డ్వాక్రా గ్రూపులో ఉండే ఉంటారు. 1992లో మొదలైన స్వయం సహాయక సంఘాల బ్యాంకు లింకేజీ ఇవాళ మన ఊళ్ళలో ఎంత మామూలైపోయిందంటే, మగవాళ్ల సంఘానికి ఖాతా తెరవని బ్రాంచీ ఆడవాళ్ల గ్రూపుకు లోన్ రెన్యువల్ ఎప్పుడని ఫోన్ చేసి అడుగుతుంది. కారణం ఒకటే, వాళ్ళు ప్రతి మీటింగులో పుస్తకం రాస్తారు. ఆ గ్రూపుల పుస్తకాలు రాసే అమ్మాయి మీ ఊళ్ళో ఉంటుంది. నెలకు ఇంత అని జీతం ఇచ్చి ఆమె చేత రాయించుకోండి. మగవాళ్ళు మొదట ముఖం చిట్లిస్తారు, రెండు నెలలకు అలవాటవుతుంది. ఒక్క జాగ్రత్త. డ్వాక్రా లోన్ తెచ్చి రైతు సంఘంలో పోయడం మాత్రం వద్దే వద్దు. ఆ గ్రూపుల పరువు పోతే ఊరి మొత్తానికి బ్యాంకు తలుపు మూసుకుంటుంది.

నాలుగు లక్షలను 46తో భాగిస్తే తలకు తొమ్మిది వేలు కూడా కాదు. పట్టా ఉన్న ప్రతి రైతూ తన సాగు ఖర్చు కిసాన్ క్రెడిట్ కార్డు మీద తెచ్చుకోవాలి. 2025 జనవరి నుంచి రెండు లక్షల వరకు తాకట్టు అడగకూడదు. మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. ఇంత చవక డబ్బు పక్కన పెట్టి సంఘం పేరున ఖరీదైన లోన్ తెచ్చి తలా కొంచెం పంచడం తెలివి కాదు. కౌలు రైతులకు పట్టా ఉండదు కాబట్టి నలుగురి నుంచి పదిమంది వరకు కలిసి, ఒకరి అప్పుకు అందరూ బాధ్యులయ్యే జాయింట్ లయబిలిటీ గ్రూపుగా వెళ్ళమనండి. సంఘం అప్పు చేయాల్సింది ఉమ్మడి పనులకే, అంటే క్రేట్లకు, లారీ అడ్వాన్సుకు, నర్సరీకి మొత్తంగా కట్టే డబ్బుకు. అప్పుడు నాలుగు లక్షలు లక్షన్నరకు దిగుతుంది. మొదటి లోన్ చిన్నది అడిగి గడువుకు వారం ముందే కట్టేయండి. రెండోసారి మాట వేరుగా ఉంటుంది.

అప్పు వసూలుకు ఒక పాత పద్ధతి ఉంది. కరీంనగర్ వైపు ముల్కనూరులో 1956లో రైతులు పెట్టుకున్న సహకార సంఘం అప్పు ఇవ్వడం, పంట అమ్మిపెట్టడం రెండూ ఒకే గూటిలో ఉంచుకుంది. సంఘం ద్వారా అమ్మిన సరుకు డబ్బులోంచే బాకీ తగ్గుతుంది. మీరూ ఉమ్మడి లారీలో వెళ్ళిన కాయ డబ్బు సంఘం ఖాతాలో పడేలా చేసుకుని, బాకీ పోను మిగిలింది రైతు ఖాతాకు వేస్తే మొండి బాకీ అన్న మాట సగం తగ్గుతుంది. బెంగళూరులో మీరు రోజూ చూసే హాప్‌కామ్స్ కూరగాయలు, పండ్ల దుకాణాలు కూడా 1959లో ద్రాక్ష రైతులు సహకార సంఘంగా మొదలుపెట్టినవే.

15 లక్షల గ్రాంటు పెద్దమనిషి దగ్గరికి వద్దాం. ఆయన చెప్పే పథకం ఉంది. 2020లో కేంద్రం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల కోసం పెట్టింది. అందులో 15 లక్షలు అన్నది గరిష్ఠ పరిమితి. సభ్యులు ఎంత వాటా పెడితే అంతకు సమానంగా, తలకు 2,000 మించకుండా ఇస్తారు. మీవాళ్ల వాటా తలా వెయ్యి, అంటే 46 వేలు. ఆయన ఫీజు 60 వేలు! వాటాను రెండు వేలకు పెంచినా వచ్చేది 92 వేలు. పైగా మైదాన ప్రాంతంలో ఆ పథకానికి కనీసం 300 మంది సభ్యులుండాలి. సహకార చట్టం కింద ఉన్న సంఘాలకూ అందులో చోటుంది కాబట్టి అసలు కంపెనీగా మారాల్సిన పనే లేదు. 2025 ఫిబ్రవరికే పదివేల లక్ష్యం చేరిందని కేంద్రం ప్రకటించింది కూడా. టీ ఇచ్చి పంపేయండి.

ఆయన లాంటివారే ఇంకొకరు వచ్చి, పొదుపును ఎక్కువ వడ్డీ ఇచ్చే క్రెడిట్ సొసైటీలో వేయమంటారు. బ్యాంకు డిపాజిట్‌కు ఐదు లక్షల వరకు బీమా ఉంటుంది, సొసైటీ డిపాజిట్‌కు లేదు. మీ సంఘంలో సభ్యులు దాచిన పొదుపుకూ లేదు. అది కూడా వాళ్ళకు తెలియాలి.

మీ మూడు లక్షలు. వద్దు. మీ ఆయనకు చెప్పారో లేదో కూడా మీరు రాయలేదు. చెప్పకుండా పంపితే రెండు ఇళ్ళలో గొడవ. చెప్పి పంపినా ఆ డబ్బు నాన్నగారి ఖాతాలో, ఎవరిది ఎంతో తెలియని ఆ కుప్పలోనే కలుస్తుంది. 'చూశారా, తిన్నది కూతురి చేత కట్టిస్తున్నాడు' అనడానికి ఊరికి ఇంకేం కావాలి? ఖాతా తెరుచుకుని, ఆడిట్ అయ్యాక, సంఘానికి నిజంగా అవసరమైతే అప్పుడు ఆలోచించండి. బైలాలో బయటివాళ్ల దగ్గర ఎంతవరకు అప్పు తీసుకోవచ్చో చూసి, తీర్మానం రాయించి, మీ ఖాతా నుంచి సంఘం ఖాతాకే వేయండి. మీరు జీతం తీసుకునే మనిషి కాబట్టి 20 వేలు, ఆపైన అప్పు నగదుగా చేతిలో పెట్టడం కుదరదు, ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

ఇక ఆ పెళ్ళి డబ్బు.

ఈ శనివారం ఊరికి వెళ్ళండి. వెళ్ళేముందు నాన్నగారి చేత బ్యాంకులో మూడేళ్ల స్టేట్‌మెంట్ తీయించి ముద్ర వేయించమనండి. రాత్రి భోజనాలయ్యాక మీరు, ఆయన, అమ్మగారు, ముగ్గురే కూర్చోండి. ఒక్కో వరస పక్కన పెన్సిల్‌తో ఇది సంఘానిది, ఇది ఇంటిది అని రాసుకుంటూ రండి. రెండు రాత్రులు పట్టొచ్చు. కొన్ని వరసలు ఆయనకు గుర్తుండవు, వాటికి ప్రశ్నార్థకం పెట్టండి, ఊహించి రాయొద్దు. మీ పెళ్ళి నెల వచ్చేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. తొందర పెట్టకండి. 'నా మీద నమ్మకం లేదా' అంటారు. ఉంది కాబట్టే ఆ పేజీ ఆయన చేతనే రాయించాలని వచ్చానని చెప్పండి.

అందులో దాచాల్సిందేమీ లేదు. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా చేబదులు పుడుతుంది. ఇబ్బంది ఎక్కడంటే, డబ్బు తీసుకున్నవాడు, ఇచ్చినవాడు, లెక్క రాసేవాడు ముగ్గురూ ఒకరే కావడం. ఏ తేదీన ఎంత తీశారో, ఏ తేదీల్లో ఎంత తిరిగి వేశారో స్టేట్‌మెంట్ చెబుతుంది. ఆవర్జాలో మిగతా సభ్యులకు ఉన్నట్టే ఆయనకూ ఒక పేజీ తెరిచి అవన్నీ ఎక్కించండి. సంఘం సభ్యులకు ఏ వడ్డీకి ఇస్తుందో ఆ వడ్డీయే ఆయనకూ కట్టండి. అసలు కట్టేశారని అమ్మగారు అంటున్నారు, వడ్డీ కట్టి ఉండరు. తన డబ్బు తానే వాడుకున్నట్టు అనిపించేచోట వడ్డీ ఎవరికీ గుర్తురాదు. మీకు సర్దాలని అంతగా ఉంటే ఆ వడ్డీ సర్దండి. అది మీ పెళ్ళి ఖర్చే. లెక్క తేలని ప్రశ్నార్థకాలు చివరికి కొన్ని వేలుగా మిగిలితే, ఆడిటరు చెప్పినంత అదీ ఇంటి నుంచే కట్టేయండి, రసీదు తీసుకుని.

తర్వాత ఒక ఆదివారం పెట్టే మహాసభలో ఆ పేజీ చదవాల్సింది మీ నాన్నగారే. మీరు చదివితే కూతురు కాపాడుతోందంటారు, ఇంకొకరు చదివితే పట్టుబడ్డాడంటారు. మీరు సభ్యురాలు కాదు కాబట్టి వెనక అమ్మగారి పక్కన కూర్చోండి, ఎవరైనా ఏమన్నా జవాబివ్వకండి. మిగతా 45 పేజీలూ అదే రోజు చదివించండి, ఎవరి బాకీ ఎంతో అందరి ముందూ. తనది మొదట చదివిన మనిషికి ఇంకొకరిది చదివే హక్కు వస్తుంది కాబట్టి వరస మార్చొద్దు. ఆ చదవడం పూర్తయ్యాకే అధ్యక్షుడి ఎన్నిక, సంతకాల తీర్మానం పెట్టండి. కార్యదర్శిగా మళ్ళీ ఆయనే ఉండాలా అన్నది కూడా ఆ రోజే సభ్యులనే అడగమనండి. వద్దంటే పుస్తకాలు, ముద్ర, పెట్టె తాళం అక్కడే అప్పజెప్పి, అప్పజెప్పినట్టు ఒక కాగితం రాయించుకుని ఇంటికి రమ్మనండి. ఆ తీర్మానం నకలుతో సోమవారం ఉదయం బ్యాంకుకు వెళ్ళాల్సింది కొత్తవాళ్ళు. మీరు ఆదివారం రాత్రి బస్సుకే బెంగళూరు వచ్చేయండి.